పిల్లల్ని శిక్షిస్తే మారతారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల పెంపకం గురించి నలుగురు మాట్లాడుకునే చోట మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన చోటికి వెళ్ళిపోండి. రెండో ప్రశ్న మాత్రం వదలొద్దు, మిగతావాటిలో సగం దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

శిక్ష అంటే కొట్టడమేనా?

కాదు. కొట్టడం, గిల్లడం, గుంజీలు తీయించడం, గోడకుర్చీ వేయించడం ఒక రకం. అరవడం, అందరి ముందు పరువు తీయడం, "నువ్వెందుకూ పనికిరావు" అనడం, రోజంతా మాట్లాడకుండా ముఖం తిప్పుకోవడం, ఇవి కూడా శిక్షలే, మనం వాటిని ఆ పేరుతో పిలవం అంతే. ఫోన్ తీసేసుకోవడం, ఆటకి పంపకపోవడం మూడో రకం. ఈ మూడూ ఒకటేనని నేను అనను, వాటి ఫలితాలు కూడా ఒకేలా ఉండవు.

ఒక్కటి వేస్తే వెంటనే ఆపేస్తున్నాడు. మరి పనిచేయదని ఎలా అంటారు?

ఆపేస్తాడు, నిజమే. ఆ క్షణానికి చాలాసార్లు పనిచేసినట్టే కనిపిస్తుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మీరు అరిచారు, గోల ఆగింది, మీ ప్రాణం కుదుటపడింది. ఆ ఊరటే మీకు దొరికిన బహుమతి, కాబట్టి రేపు గోల మొదలవగానే మీ నోరు ఇంకాస్త తొందరగా లేస్తుంది, ఎల్లుండి చెయ్యి లేస్తుంది. శిక్షిస్తున్నది మీరే అయినా ఆ గదిలో ఎక్కువ అలవాటు పడుతున్నది కూడా మీరే. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన బృందం కుటుంబాలని వాళ్ళ ఇళ్ళలోనే ఏళ్ళ తరబడి గమనించి ఈ వలయాన్ని వివరంగా రాశారు. పిల్లాడు మొండికేస్తాడు, పెద్దవాళ్ళు గొంతు పెంచుతారు, వాడూ పెంచుతాడు, చివరికి ఎవరో ఒకరు తగ్గుతారు. అవతలివాళ్ళకి మాత్రం గట్టిగా పోతే పని జరుగుతుందని అర్థమైపోతుంది, అది పిల్లాడైనా సరే, పెద్దవాళ్ళైనా సరే.

ఇక పిల్లాడి వైపు చూద్దాం. 1938లో అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలతో చేసిన ప్రయోగం ఒకటుంది. మీట నొక్కితే తిండి వస్తుందని అలవాటైన ఎలుకలకి తిండి రావడం ఆపేశాడు. కొన్ని ఎలుకలకి మొదటి కొద్ది నిమిషాలు మీట నొక్కినప్పుడల్లా కాలి మీద దెబ్బ పడేలా ఏర్పాటు చేశాడు. దెబ్బలు తిన్నవి కాసేపు బాగా తగ్గాయి, కానీ దెబ్బలు ఆగాక మళ్ళీ అందుకుని, చివరికి లెక్క చూస్తే దెబ్బలు తినని వాటితో సమానంగా నొక్కేశాయి. అలవాటు లోపల అలాగే ఉంది, కాసేపు అణిగింది, అంతే.

దీన్ని పట్టుకుని శిక్ష అసలే పనిచేయదని కొందరు రాసేస్తారు, అది కూడా సరికాదు. 1960ల్లో నేథన్ ఆజ్రిన్ లాంటివాళ్ళు చేసిన జంతు ప్రయోగాల్లో శిక్ష గట్టిగా పనిచేసింది. కాకపోతే దానికి షరతులున్నాయి: మొదటిసారే తీవ్రంగా ఉండాలి, తప్పు జరిగిన మరుక్షణమే పడాలి, ప్రతిసారీ తప్పకుండా పడాలి. చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే జంతువు దానికి అలవాటు పడిపోతుంది. ఇంట్లో జరిగేది సరిగ్గా ఇదే కదా, మొదట కసురు, తర్వాత అరుపు, తర్వాత చిన్న దెబ్బ, ఆ తర్వాత ఇంకొంచెం పెద్దది. ప్రయోగశాల షరతులు పాటించాలంటే మొదటి రోజే పిల్లాణ్ణి చితకబాదాలి, ఇరవై నాలుగు గంటలూ కాపలా కాయాలి. మనసున్న ఏ మనిషీ చేయలేని పని అది, చేయకూడని పని కూడా.

ఇంకో మాట. తమ్ముడి చేతిలో బొమ్మ లాక్కున్నందుకు దెబ్బ తిన్న పిల్లకి లాక్కోకూడదని తెలిసింది, బాగానే ఉంది. బొమ్మ కావాలంటే ఏం చెయ్యాలో ఎవరు చెప్పారు? అడగడం, వంతు కోసం ఆగడం, ఇంకోటి ఇచ్చి మార్చుకోవడం, ఇవన్నీ విడిగా నేర్పాల్సిన పనులు, దెబ్బలో ఇవేవీ లేవు.

తిట్టిన తర్వాత మార్కులు పెరగడం, మెచ్చుకుంటే తగ్గడం నేను కళ్ళారా చూశాను. దానికేమంటారు?

మీరు చూసింది అబద్ధం కాదు. డేనియల్ కానమన్, అదే 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త, ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకి పాఠం చెబుతూ తిట్టడం కంటే మెచ్చుకోవడమే మేలని అన్నాడట. వెంటనే ఒక సీనియర్ శిక్షకుడు లేచి, నేను బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే తర్వాతి సారి చెడగొడతాడు, చెత్తగా నడిపినవాణ్ణి తిడితే తర్వాత బాగా చేస్తాడు, కాబట్టి మీరు చెప్పేది తప్పు అన్నాడు. అతను గమనించింది నిజమే, చెప్పుకున్న కారణం తప్పు. ఎవరైనా సరే తన మామూలు స్థాయికి మించి బాగా చేసిన రోజు తర్వాత సాధారణంగా కొంచెం కిందికి వస్తారు, మరీ దారుణంగా చేసిన రోజు తర్వాత కొంచెం పైకి వస్తారు, మీరు నోరు మెదపకపోయినా. మనం తిట్టేది ఎప్పుడు? ఘోరంగా చేసిన రోజే. దాంతో తర్వాత ఎలాగూ వచ్చే మెరుగుదలని మన తిట్ల ఖాతాలో రాసేసుకుంటాం.

నా దృష్టిలో శిక్ష మీద మనకున్న నమ్మకాన్ని ఇంత గట్టిగా నిలబెడుతున్నది ఇంకోటి లేదు. అనుభవజ్ఞులైన టీచర్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే వాళ్ళ అనుభవమే వాళ్ళకి తప్పుడు సాక్ష్యం చెబుతోంది.

మేమంతా దెబ్బలు తినే పెరిగాం, బాగానే ఉన్నాం కదా?

ఉన్నారు, సంతోషం. కానీ దెబ్బల వల్ల బాగున్నారా, దెబ్బలు తిన్నా బాగున్నారా అన్నది మీ ఒక్క జీవితం చూసి తేల్చలేం, దెబ్బలు తినని మీరు ఎలా ఉండేవారో చూడటానికి ఇంకో మీరు లేరు. సాధారణంగా దెబ్బలతో పాటు ప్రేమ, తిండి, చదువు, కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్ళు కూడా ఉండి ఉంటారు, నిలబెట్టింది అవే కావచ్చు.

అందరూ కొట్టే చోట అయితే ఏం కాదని ఇంకో వాదన ఉంది. అందులో సగం నిజముంది. జెనిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం చైనా, భారత్, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ దేశాల్లో తల్లుల్ని, పిల్లల్ని అడిగి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కొట్టడం మామూలు విషయంగా భావించే చోట పిల్లల మీద దాని ప్రభావం కొంత తక్కువగా కనిపించింది. కానీ పోలేదు. అక్కడ కూడా ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లల్లో కోపం, ఆందోళన ఎక్కువగానే ఉన్నాయి.

అల్లరి పిల్లలకే దెబ్బలు పడతాయి కదా, మరి దెబ్బల వల్లే అల్లరి పెరిగిందని ఎలా చెప్తారు?

మంచి ప్రశ్న, దీన్ని దాటవేసేవాళ్ళని నమ్మకండి. పిల్లల్ని రెండు గుంపులు చేసి ఒక గుంపుని కొట్టమని దాదాపు ఎవరూ ప్రయోగం చేయరు, కాబట్టి ఉన్నవాటిలో చాలావరకు ఇళ్ళని గమనించిన అధ్యయనాలే. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో 75 అధ్యయనాలని, అంటే దాదాపు 1,61,000 మంది పిల్లల వివరాలని కలిపి చూశారు. తీవ్రమైన హింసని పక్కన పెట్టి, అరచేత్తో పిర్రల మీదో కాళ్ళూ చేతుల మీదో వేసే మామూలు దెబ్బల్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. పరిశీలించిన 17 అంశాల్లో 13 అంశాల్లో దెబ్బలు చెడు ఫలితాలతోనే ముడిపడి కనిపించాయి: దూకుడు, సంఘ వ్యతిరేక ప్రవర్తన, మానసిక సమస్యలు, తల్లిదండ్రులతో దూరం లాంటివి. ఈ సంబంధం పెద్దదేమీ కాదు, చిన్నదే. ఒక దెబ్బతో ఏ పిల్లా పాడైపోదు.

అల్లరి ముందా దెబ్బ ముందా అని తేల్చడానికి అవే పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాలున్నాయి. మొదట్లో ఒకే స్థాయిలో అల్లరి ఉన్న పిల్లల్ని తీసుకుని చూసినా, ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్ళలో తర్వాత అల్లరి ఇంకొంచెం ఎక్కువగా కనిపించింది. రెండు వైపులా నడిచే వ్యవహారం ఇది. అల్లరి దెబ్బల్ని తెస్తుంది, దెబ్బలు అల్లరిని పెంచుతాయి. పరిమితంగా, కోపం లేకుండా వేసే దెబ్బ వల్ల నష్టం తేలలేదని వాదించే పరిశోధకులు ఇప్పటికీ ఉన్నారు, ఆ వాదన నడుస్తూనే ఉంది. అయితే దెబ్బల వల్ల పిల్లలు దీర్ఘకాలంలో మెరుగయ్యారని చూపించే సాక్ష్యం కోసం వెతికితే చేతికి దాదాపు ఏమీ దొరకదు, నాకు మాత్రం తేల్చుకోవడానికి అదే సరిపోతుంది.

భయం ఉంటేనే చదువు వస్తుందంటారు?

ఎలాంటి చదువు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకలకి తెలుపు, నలుపు పెట్టెల మధ్య తేడా నేర్పుతూ, తప్పు దారిలో వెళ్తే కరెంటు షాక్ ఇచ్చారు. తేడా తేలిగ్గా తెలిసేలా ఉన్నప్పుడు షాక్ పెంచేకొద్దీ తొందరగా నేర్చుకున్నాయి. తేడా కనుక్కోవడం కష్టంగా ఉన్నప్పుడు మాత్రం గట్టి షాక్ చేటు చేసింది, ఒక మోస్తరు షాక్ దగ్గరే బాగా నేర్చుకున్నాయి.

పిల్లలు ఎలుకలు కారు, కానీ క్లాసులో కనిపించేది దీనికి దగ్గరగానే ఉంటుంది. ఎక్కం వల్లెవేయడం, పద్యం అప్పజెప్పడం లాంటివి భయంతో కూడా నడుస్తాయి, అందుకే భయం పనిచేస్తుందని మనకి అనిపిస్తుంది. కొత్త లెక్క చేసేటప్పుడు అంకెల్ని మనసులో పట్టుకోవాలి, ముందు మెట్టు గుర్తుంచుకోవాలి, దారి తప్పితే వెనక్కి రావాలి. ఆ పట్టుకునే చోటు చాలా చిన్నది, సార్ చెయ్యి ఎప్పుడు లేస్తుందో అన్న టెన్షన్ అందులో సగం ఆక్రమించేస్తే లెక్కకి మిగిలేది ఏముంటుంది? ఇంట్లో చకచకా చేసిన లెక్క బోర్డు దగ్గర మర్చిపోయే పిల్లలందరూ బద్ధకస్తులు కారు.

ఇంకో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. భయం, దాన్ని పుట్టించిన మనిషితోనే ఆగదు, పక్కనున్న ప్రతిదానికీ అంటుకుంటుంది. లెక్కల సార్ అంటే భయం, కొన్నాళ్ళకి లెక్కలంటే భయం, ఆ తర్వాత స్కూలంటేనే కడుపునొప్పి.

తప్పు రాస్తే ఇంపోజిషన్ ఇవ్వడం మంచిదేనా?

స్పెల్లింగ్ తప్పు రాసిన పదాన్ని నాలుగైదు సార్లు సరిగ్గా రాయించడం సాధన. మాట్లాడినందుకు ఒకే వాక్యం వందసార్లు రాయించడం శిక్ష, అది రాతని అసహ్యించుకోవడం తప్ప ఇంకేం నేర్పదు. పరుగెత్తించడం కూడా అంతే, వ్యాయామాన్ని శిక్షగా వాడి తర్వాత పిల్లలు ఆటలకి రావట్లేదని బాధపడితే ఎలా?

అసలు చదువులో తప్పుకి శిక్షే ఉండకూడదని నా అభిప్రాయం. ఏ తప్పు చేశాడో కనిపిస్తేనే టీచరు సరిదిద్దగలడు. శిక్ష ఉన్న చోట పిల్లలు తప్పుని చూపించరు, పక్కవాడి నోట్సు చూసి ఎక్కించేస్తారు, సందేహం అడగరు, అర్థమైందా అంటే అందరూ తల ఊపుతారు.

శిక్షిస్తే కనీసం అబద్ధాలు ఆడటం మానతారు కదా?

మానకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే ఇద్దరు పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికాలో రెండు స్కూళ్ళని పోల్చి 2011లో ప్రచురించారు. ఒక స్కూల్లో చిన్న తప్పుకి కూడా కర్రతో కొట్టడం, గిల్లడం ఉంది, రెండోదాంట్లో మందలింపే. వెనక పెట్టిన బొమ్మని తిరిగి చూడొద్దని మూడు నాలుగేళ్ళ పిల్లలకి చెప్పి బయటికి వెళ్ళారు. రెండు స్కూళ్ళ పిల్లలూ చాలామంది తొంగి చూశారు, ఆ వయసుకి అది సహజమే. చూశావా అని అడిగితే, కొట్టే స్కూల్లో పిల్లలు ఎక్కువమంది అబద్ధమాడటమే కాదు, ఆ బొమ్మేంటో నీకేమనిపిస్తోంది అని గుచ్చి అడిగినా దొరక్కుండా తప్పించుకోవడంలో రెండో స్కూలు పిల్లల కంటే ఆరితేరి ఉన్నారు.

నిజం చెప్పినందుకూ అదే దెబ్బ, అబద్ధం దొరికిపోయినా అదే దెబ్బ అయితే, దొరక్కుండా ఆడటం నేర్చుకోవడమే తెలివైన పని. పిల్లలు తెలివైనవాళ్ళే.

నేను కొట్టను, అరుస్తానంతే. పర్లేదా?

అరవని ఇల్లు ఉండదు, ఒకరోజు గొంతు పెరిగిందని కుమిలిపోనక్కర్లేదు. రోజూ తిట్లు, శాపనార్థాలు, పేర్లు పెట్టడం, అవమానించడం మాత్రం వేరే సంగతి. మింగ్-టే వాంగ్, సారా కెన్నీ అమెరికాలో 976 కుటుంబాల్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల్ని చూసినప్పుడు, పదమూడేళ్ళప్పుడు కఠినమైన మాటలు పడ్డవాళ్ళలో మరుసటి ఏడాదికి చెడు ప్రవర్తన, దిగులు రెండూ పెరిగాయి. మిగతా సమయాల్లో ప్రేమగా ఉండటం కూడా ఈ నష్టాన్ని తగ్గించలేదు. "తిట్టినా మా ప్రేమ వాడికి తెలుసులే" అనుకుంటాం కదా, దాని మీద అంత భరోసా పెట్టుకోలేం.

చిన్నపాటి హెచ్చరిక చాలా, గట్టిగా బెదిరించాలా?

చిన్నదే చాలు, ఇంకా మాట్లాడితే చిన్నదే మేలు. 1965లో జొనాథన్ ఫ్రీడ్‌మన్ మగపిల్లలకి ఆకర్షణీయమైన రోబో బొమ్మ చూపించి దాంతో ఆడొద్దన్నాడు. కొందరిని గట్టిగా బెదిరించాడు, కొందరికి అలా ఆడటం తప్పని మామూలుగా చెప్పాడు. అప్పటికి రెండు గుంపులూ దాదాపుగా మాట విన్నాయి. కొన్ని వారాల తర్వాత, బెదిరింపు ఏదీ లేనప్పుడు అదే బొమ్మ ఎదురుగా పెడితే, గట్టి బెదిరింపు విన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడుకున్నారు, మెల్లగా చెప్పించుకున్నవాళ్ళలో తక్కువమందే ముట్టుకున్నారు. బెదిరింపు పెద్దదైతే పిల్లాడికి ఆగడానికి కారణం బయట దొరుకుతుంది, ఆ కారణం పోగానే ఆగాల్సిన పని కూడా పోతుంది.

జరిమానా వేస్తే?

హైఫా నగరంలో పసిపిల్లల కేంద్రాలు కొన్నిటిలో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకి జరిమానా పెట్టి చూశారు, యూరీ నీజీ, ఆల్డో రుస్టికీనీ 2000లో దాన్ని ప్రచురించారు. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి! ఇంతకుముందు టీచర్ని కూర్చోబెట్టామే అన్న మొహమాటం ఉండేది, ఇప్పుడు డబ్బు కట్టేశాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు తగ్గలేదు. వీళ్ళు పెద్దవాళ్ళు, గుర్తుపెట్టుకోండి. పాకెట్ మనీ కోసే ముందు ఒకసారి ఆలోచించండి, "కోసుకో, నాకేం" అనే పిల్లాడి మీద ఇంకే అస్త్రం మిగలదు.

ఫోన్ లాక్కోవడం, టైమ్-అవుట్ పనిచేస్తాయా?

ఇవి పనిచేయగలవు, పద్ధతిగా వాడితే. టైమ్-అవుట్ అంటే చీకటి గదిలో వేసి తలుపెయ్యడం కాదు, ఆసక్తికరమైన చోటు నుంచి కాసేపు పక్కకి తప్పించడం. కొద్ది నిమిషాలు చాలు, అయిపోయాక పాత సంగతి తవ్వకూడదు. మిగతా రోజంతా మీతో గడిపే సమయం వాడికి బాగుంటేనే దానికి అర్థం, లేకపోతే దేన్నుంచి తప్పించినట్టు?

తీసేసుకునే వస్తువుకీ చేసిన తప్పుకీ సంబంధం ఉండాలి. రాత్రి చెప్పిన టైముకి ఫోన్ ఆపలేదు, రేపు రాత్రి ఫోన్ లేదు. ఇది వాడికి అర్థమవుతుంది. గోడ మీద గీశాడు కాబట్టి నెలరోజులు క్రికెట్ బంద్, ఇది అర్థం కాదు, గోడ తుడిపిస్తే అవుతుంది. అన్నట్టు నెలరోజులన్న మాట మూడో రోజుకే మనం మర్చిపోతాం, పిల్లలకి ఆ సంగతి బాగా తెలుసు.

శిక్ష వద్దంటే బహుమతులతో లంచం ఇవ్వాలా?

అక్కర్లేదు. 1973లో మార్క్ లెపర్ బృందం, బొమ్మలేయడం ఇష్టపడే చిన్నపిల్లలకి వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చింది. తర్వాత ఆ పిల్లలకి బొమ్మలేయడం మీద ఆసక్తి తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చిన వాళ్ళలో తగ్గలేదు. ఇప్పటికే ఇష్టంగా చేసే పనికి బేరం పెట్టకండి. అసలు ఇష్టం లేని పని మొదలుపెట్టించడానికి చిన్న బహుమతి తప్పు కాదు. అన్నిటికంటే చవకైనది, మనం ఎక్కువగా మర్చిపోయేది ఒకటుంది: మంచిగా ఉన్నప్పుడు గమనించి చెప్పడం. "చెల్లి ఏడుస్తుంటే బొమ్మ ఇచ్చావు, చూశాను." అంతే, ఉపన్యాసం వద్దు.

అంటే అన్నిటికీ ఊరుకోవాలా? మొక్కై వంగనిది మానై వంగునా?

ఊరుకోమని ఎవరన్నారు? డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల నుంచి పెంపకాలని పోల్చి చూసినప్పుడు బాగా నడిచినవి ప్రేమ, కట్టుబాటు రెండూ గట్టిగా ఉన్న ఇళ్ళు. కట్టుబాటు మాత్రమే ఉన్నవీ, గారాబం మాత్రమే ఉన్నవీ రెండూ వెనకబడ్డాయి. ఆమె దెబ్బల్ని పూర్తిగా వ్యతిరేకించే మనిషి కూడా కాదు, అయినా కారణం చెప్పి నిలబడే పెంపకానికే ఆమె ఓటు.

రూల్స్ కొద్దిగా పెట్టండి, పెట్టినవి మార్చకండి. ఏడిస్తే మారే రూలు, ఏడవడం నేర్పుతుంది.

రోడ్డు మీదకి పరిగెత్తితే?

పట్టుకుని లాగండి, అరవండి. అది శిక్ష కాదు, కాపాడటం. తర్వాత చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం పదిసార్లు సాధన చేయించండి, రెండు మూడేళ్ళ పిల్ల అయితే మీరు ఎంత నేర్పినా కాపలా మీ పనే.

క్లాసులో యాభై మంది ఉంటే ఇవన్నీ ఎలా సాధ్యం?

కష్టమే, ఈ మాట ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్ళ మీద టీచర్లకి కోపం రావడం న్యాయమే. అయినా క్లాసులో గోల ఎక్కువగా లేచేది ఎప్పుడో చూడండి: పుస్తకాలు తీసేటప్పుడు, పని ముందే ముగించినవాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు, పాఠం అర్థం కానప్పుడు. మొదటి రెండిటికి ఏర్పాటు మార్చాలి, మూడోదానికి పాఠం మార్చాలి. గోల చేసేవాడి దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి పక్కన నిలబడి పాఠం కొనసాగించడం, పేరు పెట్టి అందరి ముందు తిట్టడం కంటే చాలాసార్లు బాగా పనిచేస్తుంది, ప్రేక్షకులు లేకపోతే పరువు కోసం ఎదురు తిరగాల్సిన అవసరం వాడికి ఉండదు. ఒకడు చేసిన దానికి క్లాసు మొత్తాన్ని శిక్షించడం మాత్రం దయచేసి మానండి, చేయనివాళ్ళకి న్యాయం మీద నమ్మకం పోతుంది.

చట్టాలు ఏమంటున్నాయి?

ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని మొదట చట్టం చేసిన దేశం స్వీడన్, 1979లో. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒప్పందంలో 19వ అధికరణం పిల్లల్ని శారీరక, మానసిక హింస నుంచి కాపాడాలంటోంది. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2018లో కొట్టడం, అరవడం, అవమానించడం వద్దని తల్లిదండ్రులకి స్పష్టంగా చెప్పింది.

నిన్ననే కొట్టేశాను. ఇప్పుడేం చెయ్యాలి?

సారీ చెప్పండి, చిన్నగా. "నాకు కోపమొచ్చి కొట్టాను, అది తప్పు. నువ్వు గ్లాసు విసరడం కూడా తప్పే, దాని గురించి మాట్లాడుకుందాం." సారీ చెబితే లోకువైపోతామని భయపడతారు చాలామంది. తప్పు చేస్తే ఒప్పుకోవడం ఎలాగో వాడు ఇంకెక్కడ చూస్తాడు? తర్వాత మీ చెయ్యి ఎప్పుడు లేస్తోందో గమనించుకోండి, చాలా ఇళ్ళలో అది రోజూ ఒకే టైమే, నిద్ర తక్కువైనప్పుడో, ఆఫీసు నుంచి అప్పుడే వచ్చినప్పుడో. ఆ టైములో హోంవర్క్ పెట్టుకోకపోతే సగం గొడవలు పోతాయి.

అరవడం మానేశాక ఇంకా రెచ్చిపోతున్నాడు. ఎన్నాళ్ళు?

ఇది మామూలే. ఇన్నాళ్ళూ గోల చేస్తే మీరు కదిలేవారు, ఇప్పుడు కదలట్లేదు, కాబట్టి ఇంకాస్త గట్టిగా చేసి చూస్తాడు. చాలామంది సరిగ్గా ఇక్కడే "చూశారా, మెత్తగా ఉంటే ఇలాగే ఉంటుంది" అని పాత దారికి వెళ్ళిపోతారు, దాంతో ఇంకా గట్టిగా అరిస్తేనే మీరు కదులుతారని వాడికి ఖాయమైపోతుంది. కాస్త ఓపిక పట్టండి, రూలు మార్చకుండా, గొంతు పెంచకుండా. అయితే వారాలు గడిచినా తనని తాను కొట్టుకోవడం, ఇతరులకి గాయం చేయడం, నిద్ర, తిండి తగ్గిపోవడం, స్కూలంటే వణకడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్నో, సైకాలజిస్టునో కలవండి. వినికిడి లోపమో, చదవడంలో ఇబ్బందో, ఇంకేదో బయటపడవచ్చు, అలాంటి పిల్లల్ని మాట వినట్లేదని ఏళ్ళ తరబడి శిక్షిస్తూ పోయిన ఇళ్ళు తక్కువేం లేవు.